ధర్మాస్పత్రి జమాఖర్చులు

మా ప్రాంతంలో పాతవాళ్ళు ప్రభుత్వ ఆస్పత్రిని ధర్మాస్పత్రి అనేవాళ్ళు. తమిళులూ అదే మాట అన్నారు, మనవాళ్ళూ అదే అన్నారు. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో తేల్చే పని భాషావేత్తలకు వదిలేద్దాం. ఇప్పుడు ఆ మాట దాదాపు పోయింది, పిల్లలు 'జీ.హెచ్.' అంటున్నారు. మాట పోయినా, అది లేవదీసే ప్రశ్న మాత్రం పోలేదు.

ధర్మం అన్న మాటకు మన ఇళ్ళలో రెండు అర్థాలున్నాయి. వాకిట్లో నిలబడ్డవాడు "ధర్మం చెయ్యండి తల్లీ" అంటే అది దానం. "నీ ధర్మం నువ్వు చెయ్యి" అని పెద్దవాళ్ళు మందలిస్తే అది విధి. దానం ఇచ్చేవాడి ఇష్టం మీద ఉంటుంది, మూట ఖాళీ అయితే తలుపు వేసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. విధికి ఆ వెసులుబాటు లేదు. పైగా మూట ఖాళీ కాకుండా చూసుకోవడం కూడా ఆ విధిలోకే వస్తుంది. ఆస్పత్రిలో చేసే ధర్మం వీటిలో ఏది? రోగిని చూడడమూ, ఆస్పత్రిని నిలబెట్టడమూ ఒకదానితో ఒకటి తగువుపడితే ఏది ముందు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నేను వైద్యుణ్ణి కాను, బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయినవాణ్ణి. మా ఊళ్ళో మన తెలుగు కుటుంబాలు కొన్ని, తమిళ పెద్దలు కొందరు కలిసి నడిపే చిన్న ట్రస్టు ఆస్పత్రి ఒకటుంది. ముప్ఫై పడకలు. అందులో కోశాధికారిగా ఆరేళ్ళు పనిచేశాను. పుస్తకాలు నా చేతికి వచ్చిన కొత్తలో పాత పద్దులు తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. వార్షిక నివేదికలో 'ఉచిత సేవలు' అని పెద్దక్షరాలతో అచ్చువేసుకున్న ఏడాదే నర్సులకు మూడు నెలల జీతం బాకీ ఉంది. రెండూ ఒకే పుస్తకంలో, వేరువేరు పేజీల్లో ఉన్నాయి. ఉచితానికి కూడా ఖరీదు ఉంటుంది, ఎవరో ఒకరు కట్టాలి. ఆ ఏడాది కట్టింది ధర్మకర్తలు కారు, పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ రాత్రి డ్యూటీలు చేసిన ఆ నర్సమ్మలు. ఇస్తారా అని వాళ్ళను ఎవరూ అడగలేదు. గోడకు పెట్టిన శిలాఫలకం మీద దాతల పేర్లున్నాయి గాని వాళ్ళ పేర్లు లేవు.

అప్పటినుంచి "ప్రాణానికి వెల కడతారా?" అని ఎవరైనా ఆవేశంగా అంటే నాకు ఆ పేజీ గుర్తొస్తుంది. ప్రాణానికి వెల లేదు, నిజమే. ప్రాణవాయువు సిలిండరుకు ఉంది, దాన్ని మోసుకొచ్చే మనిషి కూలికి ఉంది, జనరేటరు తాగే డీజిలుకు ఉంది. అలాగని "డబ్బు లేనిదే ఏదీ నడవదండీ" అని తల పంకించే పెద్దమనిషి మాట కూడా నాకు ఒంటపట్టదు. ఆ మాట ఎక్కువగా చెప్పేది డబ్బు ఉన్నచోటే. రెండు మాటల్లోనూ నిజముంది. రెంటి చాటునా మనుషులు దాక్కోవడం కూడా నేను చూశాను.

మా ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ ఒకసారి కమిటీ సమావేశంలో ఇలా అన్నారు: "సార్, నేను రోగి మంచం పక్కన నిలబడి ఉన్నప్పుడు నాకు లెక్కలు చెప్పకండి. నెలాఖరున చెప్పండి, కూర్చుని వింటాను." కమిటీలో కొందరికి అది పొగరుగా వినిపించింది. నాకు మాత్రం అందులోనే అసలు దారి ఉన్నట్టు తోచింది. లెక్క వద్దని ఆమె అనలేదు. లెక్కను ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూడాలో చెప్పారు. ఆ తేడా వివరించడానికి మా ఊరు వదిలి మదురై దాకా వెళ్ళాలి.

మదురైలో 1976లో గోవిందప్ప వెంకటస్వామి అనే కంటి వైద్యుడు ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయి, ఒక ఇంట్లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టాడు. ఆ పేరు మన చెవికి పరాయిది కాదు. ఎట్టయపురం దగ్గర అయన్ వడమలాపురం ఆయన ఊరు, 1918లో పుట్టాడు. తెలుగు రైతులు తరాల కిందట వచ్చి స్థిరపడిన కరిసల్ నేల అది. కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలలో ఆ వలస కథే చెప్పాడు. వెంకటస్వామికి ముప్ఫై ఏళ్ళ లోపే కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకర్లు పోయాయి. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నవాడు ఆ ఆశ వదులుకున్నాడు. ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం నేర్చుకుని కంటి వైద్యుడయ్యాడు. జీవితంలో లక్షకు పైగా ఆపరేషన్లు చేశాడంటారు. ఆస్పత్రి కోసం ఇల్లు కుదువబెట్టాడు, తోబుట్టువులనూ వాళ్ళ సంసారాలనూ అందులోకి దించాడు. 2006లో పోయాడు.

త్యాగాలు చాలా ఆస్పత్రుల పునాదుల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు పునాదుల్లోనే ఉన్నాయి, పైన కట్టడం లేదు. లెక్కలవాడిగా నాకు ఆశ్చర్యమనిపించేది ఆయన త్యాగం కాదు, ఆయన పద్దు. అక్కడ డబ్బిచ్చే రోగులు కొందరు, తక్కువ ఇచ్చేవారూ అసలివ్వనివారూ చాలామంది. మొదటివాళ్ళ సొమ్ముతో రెండోవాళ్ళ ఖర్చు గడిచి ఇంకా మిగులుతుంది. ఆ మిగులుతో తేనిలో, తిరునెల్వేలిలో, కోయంబత్తూరులో, పుదుచ్చేరిలో ఆస్పత్రులు లేచాయి. 1993లో హార్వర్డు వ్యాపార విద్యాసంస్థ దీన్ని పాఠంగా రాసుకుని విద్యార్థులకు చెప్పింది. వ్యాపారం నేర్చుకునేవాళ్ళు ధర్మాస్పత్రిని చదువుకోవడం నాకు కొంచెం నవ్వూ, కొంచెం గర్వమూ తెప్పించింది.

ఇది ఎలా కుదిరింది? డాక్టరు చేతిని ఊరికే ఉండనివ్వకపోవడం మొదటి కారణం. ఆపరేషన్ గదిలో పక్కపక్కనే రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ ముగిసేసరికి రెండో బల్ల మీద రోగి సిద్ధంగా ఉంటాడు, డాక్టరు అటు తిరుగుతాడు. డాక్టరు మాత్రమే చేయగల పని డాక్టరు చేస్తాడు. తక్కిన పరీక్షలు, కొలతలు, కట్లు, సముదాయింపులు అన్నీ పల్లెల నుంచి తీసుకుని రెండేళ్ళు శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు చూసుకుంటారు. ఇంకో కారణం కటకం. శుక్లం తీసి కంట్లో పెట్టే కటకం దిగుమతి అయ్యే రోజుల్లో వంద డాలర్ల దాకా పలికేది, ఆ ధరకు పేదవాడి కంట్లో పెట్టడం ఏ ధర్మకర్తకూ సాధ్యం కాదు. 1992లో ఆరోలాబ్ అని సొంత కర్మాగారం పెట్టి, దాన్ని పది డాలర్ల దరిదాపుల్లోకి దించారు, తర్వాత ఇంకా దించారు. ఖర్చు తగ్గించడమంటే రోగికి ఇచ్చేది తగ్గించడమే అనుకునే మా కమిటీ సభ్యులకు నేను ఈ కటకం కథ చాలాసార్లు చెప్పాను.

వీటన్నిటికంటే నా మనసుకు తగిలిన ఏర్పాటు మరొకటుంది. అక్కడ ఎవడు పేదవాడో తేల్చే అధికారి లేడు. డబ్బు కట్టే ద్వారం ఒకటి, కట్టని ద్వారం ఒకటి. ఏ ద్వారంలోంచి వెళ్ళాలో రోగే నిర్ణయించుకుంటాడు. రేషను కార్డు చూపించమని అడగరు. చేను గలవాడు ఉచిత ద్వారంలో దూరితే? దూరనీ. వాణ్ణి పట్టుకోవడానికి పెట్టే గుమాస్తా జీతం వాడు ఎగ్గొట్టే సొమ్ముకంటే ఎక్కువ అవుతుంది, ఇది బ్యాంకువాడి లెక్క. దానికి మించిన లెక్క ఇంకోటుంది. "నేను పేదవాణ్ణి" అని పదిమందిలో రుజువు చేసుకోవలసి వచ్చిన ముసలాయన ఆ పని చేయడం కంటే గుడ్డివాడిగా ఉండిపోవడమే మేలనుకుంటాడు. మన పల్లెల్లో అలాంటి ముసలివాళ్ళు లేరా, మీరే చెప్పండి. ఉచిత ఆపరేషన్ అని చెప్పినా శిబిరాలకు రానివాళ్ళను గురించి విచారిస్తే, బస్సు ఛార్జీ లేక, తోడు వచ్చేవాడి కూలి పోతుందని, తిండికెలా అని ఆగిపోయారని తేలింది. అందుకే వాళ్ళు బస్సులో తీసుకెళ్ళడం, భోజనం పెట్టడం, తిరిగి ఊళ్ళో దించడం కూడా వైద్యం కిందే జమకట్టారు.

మెచ్చుకోలు ఇక్కడ ఆపి రెండు మాటలు అడగాలి. డబ్బు కట్టినవాడికి గది, కట్టనివాడికి హాల్లో చాప. ఇది ధర్మమేనా? పడకలో తేడా ఉండవచ్చు గాని చేతిలో తేడా ఉండకూడదని నా అభిప్రాయం. అక్కడ అదే డాక్టర్లు వంతులవారీగా రెండు వైపులా పనిచేస్తారు, ఆ మేరకు నాకు అభ్యంతరం లేదు. అయితే కట్టినవాడికి మడత కటకం, ఖరీదైన యంత్రంతో ఆపరేషన్, కట్టనివాడికి చేత్తో చేసే చిన్న కోత పద్ధతి. రెండో పద్ధతిలో కూడా చూపు దాదాపు అంత బాగానే వస్తుందని పరిశోధనలు చెప్పాయి కాబట్టి సరిపోయింది. అలా చెప్పకపోయి ఉంటే? తేడా చాపలో ఉందా కంట్లో ఉందా అన్నది ఎప్పటికప్పుడు పరీక్షించి చూసుకోవలసిన విషయం, ఒకసారి తేల్చి మరచిపోయేది కాదు. రెండో మాట ఆ అమ్మాయిల గురించి. అక్కడ ఖర్చు తగ్గడంలో వాళ్ళ శ్రమ పెద్ద భాగం. అభిమానులు ఈ సంగతి కొంచెం చిన్న గొంతుతో చెబుతారు. వాళ్ళకు చదువూ, చేతికి పనీ, ఊళ్ళో మర్యాదా వచ్చాయి, ఆ నెలజీతమూ వస్తోంది. మా ఆస్పత్రిలో బాకీపడ్డ జీతాలతో దీన్ని పోల్చను. కాని ఉచితమనే మాట వినగానే దాని భారం ఎవరి భుజం మీద ఉందో వెతకడం నాకు అలవాటైపోయింది.

ఈ పద్ధతిని చూసి అన్ని ఆస్పత్రులూ ఇలాగే నడవవచ్చు గదా అనేవాళ్ళు ఉన్నారు. కంటి వైద్యంలో చాలామట్టుకు నడిచింది. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి కూడా ఇచ్చేవాళ్ళతో ఇవ్వనివాళ్ళను చూస్తూనే 2006లో భువనేశ్వర్ దాకా వచ్చింది, ఒరిస్సాలో ఉన్న మన పాఠకులకు అది తెలిసిన చోటే. అయితే శుక్లం విచిత్రమైన జబ్బు. పది, పదిహేను నిమిషాల పని, ఒక్కసారి చేస్తే చాలు, మనిషి మర్నాడు ఇంటికి పోతాడు, మళ్ళీ పనిచేసుకుంటాడు. లక్షలమందికి ఒకే పని. అందుకే బల్ల పక్కన బల్ల వేయగలిగారు.

మూత్రపిండాలు పాడైన మనిషిని తీసుకోండి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, యంత్రం మీద రక్తం శుద్ధి చేయాలి. అది బతికున్నన్నాళ్ళూ చేయాలి, లేదా కొత్త మూత్రపిండం దొరికేదాకా. ఇక్కడ ఎన్ని బల్లలు వేసినా నాలుగు గంటలు నాలుగు గంటలే. డయాలిసిస్ కోసం ఒక పేదవాణ్ణి ఉచితంగా చేర్చుకోవడమంటే ఒక ఆపరేషన్ దానం చేయడం కాదు, ఒక జీవితకాలపు మాట ఇవ్వడం. మధ్యలో ఆ మాట తప్పితే మనిషి పోతాడు. ఇరవైమందికి మాట ఇచ్చి ఆర్నెల్లకు ఆస్పత్రి మూతపడితే ఇరవైమందీ పోతారు, వాళ్ళతోబాటు డబ్బు కడుతున్నవాళ్ళూ రోడ్డున పడతారు. కనుక "ముందు ఎదురుగా ఉన్నవాణ్ణి చూడు, రేపటి సంగతి దేవుడు చూసుకుంటాడు" అనడం ఇక్కడ దయ కాదు. రేపు వచ్చేవాడు కూడా మనిషే. వాడి ముఖం ఇంకా మనకు కనబడలేదు, అంతే తేడా.

అలాగని కనబడని ముఖాల పేరు చెప్పి కనబడే ముఖాన్ని తరిమేయడం చాలా తేలిక. నేటి పెద్ద ఆస్పత్రుల్లో జరిగేది చాలావరకు అదే. డాక్టరుకు నెలకింత ఆదాయం తేవాలని లక్ష్యం పెడతారు. పంపిన రోగికింత అని పంపిన డాక్టరుకు కమీషన్ ఇస్తారు. వైద్య మండలి 2002 నాటి నియమావళిలో ఈ కమీషన్లను స్పష్టంగా నిషేధించింది, అయినా ఆ మాట ఎత్తితే నవ్వేవాళ్ళే ఎక్కువ. అక్కడ మంచం పక్కన నిలబడ్డ డాక్టరు చేతిలో నాడితోబాటు పద్దు పుస్తకం కూడా ఉంటుంది. ఆయన చెప్పే స్కానింగు నా జబ్బుకా, ఆయన లక్ష్యానికా అన్న అనుమానం ఒక్కసారి పుట్టిందంటే ఆ వైద్యం సగం చచ్చినట్టే. ఆయన నిజం చెప్పినా నేను నమ్మను. మా డాక్టరమ్మ అడిగింది ఈ అనుమానం నుంచి రక్షణ అని నాకు తర్వాత అర్థమైంది.

ఇంతకూ ఈ భారం ట్రస్టులదీ డాక్టర్లదీ ఎందుకు కావాలి? 1946లో భోర్ కమిటీ, డబ్బు ఇచ్చుకోలేడన్న కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదని రాసింది. యాభై ఏళ్ళ తర్వాత, 1996లో, సుప్రీంకోర్టు ముందుకు ఒక కూలి మనిషి కేసు వచ్చింది. ఆయన 1992లో రైలు నుంచి పడి తల పగిలితే కలకత్తాలో ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదనో, సదుపాయం లేదనో తిప్పి పంపాయి, చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో అప్పుచేసో ఎలాగో బతికాడు. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోలేదని కోర్టు చెప్పింది, పాతికవేలు పరిహారం ఇప్పించింది. కోర్టు చెప్పింది ప్రభుత్వానికి. అది మా ముప్ఫై పడకల ట్రస్టుకు చెప్పిన మాట కాదు. ప్రభుత్వమైతే నోటు అచ్చువేయగలదు, పన్ను వేయగలదు. మేము విరాళాల పుస్తకం మాత్రమే అచ్చువేయగలం.

ప్రభుత్వాలు ఊరికే లేవు. ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, తమిళనాట 2009లో బీమా పథకం, 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్. కర్ణాటకలో 2003లో సహకార సంఘాల రైతులు నెలకు ఐదు రూపాయల చొప్పున వేసుకుని యశస్విని నడిపారు. అది 2018లో వేరే పథకంలో కలిసిపోయి 2022లో మళ్ళీ లేచింది. పిడికిట బియ్యం తీసి కుండలో వేసిన మన అవ్వల బుద్ధి అందులో ఉందని నాకు ముచ్చట. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22కి 39.4 శాతానికి దిగిందని ప్రభుత్వ లెక్క. బాగానే ఉంది. కాని పథకం కట్టే ధర ఖర్చుకంటే తక్కువైతే, ఆ కట్టేది కూడా నెలల తరబడి ఆలస్యమైతే, ఏమవుతుందో తెలుగు రాష్ట్రాల్లో చూశాం. బకాయిలు ఇవ్వకపోతే సేవలు ఆపేస్తామని ఆస్పత్రులు నోటీసులు పెట్టాయి, ఆపాయి కూడా. ప్రభుత్వం ప్రకటించిన ధర్మానికి అప్పు మోసేది ఆస్పత్రి, ఆస్పత్రి కింద అప్పు మోసేది మళ్ళీ ఆ నర్సమ్మే. రాష్ట్రాల కార్డుల సంగతి మనబోటి సరిహద్దు జనానికి చెప్పనక్కరలేదు. కార్డు గట్టు దగ్గర ఆగిపోతుంది, జబ్బుకు గట్టు లేదు. యానాం మనిషికి తన ప్రభుత్వపు పెద్దాస్పత్రులు ఉన్న పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

మా ఆస్పత్రిలో చాలా రాత్రుళ్ళు వాదించుకున్నాక కొన్ని నియమాలు రాసుకున్నాం. ప్రాణాపాయంలో వచ్చినవాడి దగ్గర మొదటి ఇరవైనాలుగు గంటలు డబ్బు మాట ఎత్తకూడదు. డాక్టర్లకు రోగి ఏ పద్దులో ఉన్నాడో కాగితం మీద కనబడకూడదు. జీతాలు ఇచ్చాకే ఉచిత సేవల నిధి, ఆ నిధి ఎంతో ఏడాది మొదట్లో తేలిపోవాలి. డయాలిసిస్‌లో ఐదుగురికి ఉచితం, ఐదుగురికీ ఉన్నన్నాళ్ళు, ఆ మాట తప్పకుండా ఉండేందుకు రెండేళ్ళ ఖర్చు విడిగా డిపాజిట్టు. ఐదు అన్న అంకె నేనే వేశాను. ఆరు అని వాదించినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు నాకంటే మంచివాళ్ళే. చివరి నియమం డాక్టరమ్మ పట్టుబట్టి చేర్పించింది: కాదు అని చెప్పవలసి వస్తే ఆ మాట కౌంటరులో కూర్చున్న అమ్మాయి చెప్పకూడదు, డాక్టరు చెప్పకూడదు, నియమం రాసినవాళ్ళలో ఒకరు వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఆరోవాడు వచ్చాడు. మా వీధిలోనే కుట్టుపని చేసుకునే దర్జీ. నా చొక్కాలు ఆయనే కుట్టేవాడు. ఆయన్నీ ఆయన భార్యనూ కూర్చోబెట్టి ఐదుగురి సంగతి, డిపాజిట్టు సంగతి చెప్పాను. ఆమె అంతా విని, "ఆ ఐదుగురిలో ఎవరన్నా పోతే మాకు చెబుతారా అన్నా?" అని అడిగింది. అడిగాక తానే తల దించుకుంది. 2016 నుంచి జిల్లా ఆస్పత్రుల్లో పేదలకు ఉచిత డయాలిసిస్ పథకం ఉంది గనుక అక్కడి డాక్టరుకు ఉత్తరం రాసి, నేనే వెంట వెళ్ళి పేరు రాయించాను. వారానికి రెండుసార్లు, పోనూ రానూ నాలుగు గంటల బస్సు, మధ్యలో నాలుగు గంటల యంత్రం. ఇద్దరికీ బస్సు ఛార్జీ ఏ పద్దు కింద ఇవ్వాలని గుమాస్తా అడిగితే కమిటీలో పెట్టాను. మళ్ళీ గంటసేపు వాదన జరిగింది. 'వైద్య ఖర్చులు' అని రాయమన్నారు.